ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు.. పదేళ్ళ పిల్లాడికి నొప్పి తగ్గే దారేదైనా ఉందా?

లంకపిల్ల
మా అక్క కొడుక్కి పదేళ్ళు. కిందటేడు వేసవిలో మోకాలి పైన ఎముకలో క్యాన్సర్ అని తేలింది. పద్నాలుగు నెలలు కీమో, ఆపరేషన్, మళ్ళీ కీమో. ఆరోగ్యశ్రీలో చాలావరకు జరిగిపోయింది, పైఖర్చులకి బావ అప్పు చేశాడు. కిందటి నెల స్కాన్‌లో ఊపిరితిత్తుల్లోకి పాకిందని వచ్చింది. అన్నాళ్ళు వైద్యం చేసిన ఆసుపత్రిలో ఐదు నిమిషాలు మాట్లాడి "ఇంక చేసేదేమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళిపోండి, ఏం అడిగితే అది పెట్టండి" అన్నారు. ఓ బిళ్ళల చీటీ చేతిలో పెట్టారు.

పగలు ఎలాగో గడుస్తోంది. రాత్రి పదయ్యేసరికి మొదలవుతుంది. బిళ్ళ వేస్తే రెండు గంటలు, తర్వాత మళ్ళీ ఏడుపు. పక్కింటివాళ్ళు లేచి వస్తున్నారు. మార్ఫిన్ అనే మందుంటుందని ఎవరో చెబితే అమలాపురంలో నాలుగు షాపులు తిరిగాను. అడగ్గానే దొంగని చూసినట్టు చూశారు.

బావ నలభై సెంట్ల కొబ్బరితోట అమ్మి ఇంకో పెద్దాసుపత్రికి వెళ్దామంటున్నాడు. అక్క ఏమీ మాట్లాడదు. మొన్న రాత్రి కాలు పడుతుంటే వాడు "పిన్నీ, నాకింక తగ్గదా?" అన్నాడు. "తగ్గిపోద్ది నాన్నా" అని బయటికొచ్చి ఏడ్చాను.

మాది పి.గన్నవరం వైపు లంక. వరదొస్తే కాజ్‌వే మునిగిపోతుంది, పడవే దిక్కు. ఇంట్లో ఉండి ఏం చేయగలం? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కొబ్బరాకు
చదువుతుంటే గుండె పట్టేసిందమ్మా. మా వైపు పసరు మందు ఇచ్చే ఆయన ఒకరున్నారు. డబ్బు తీసుకోరు. ఒకసారి చూపించండి, పోయేదేముంది?

వశిష్ట_గట్టు
కొబ్బరాకు గారూ, పోయేదుందండి. ఉన్న కాసిని రోజులు పోతాయి. మేమూ తిరిగాం అలాగే. తర్వాత రాస్తాను, ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు.

వార్డునర్సు
మాది పాలకొల్లు. పదకొండేళ్ళుగా క్యాన్సర్ వార్డుల్లో పనిచేస్తున్నాను, అందులో నాలుగేళ్ళు పిల్లల దగ్గర.

ముందు ఒక మాట. "ఇంక చేసేదేమీ లేదు" అన్నది తప్పు మాట. క్యాన్సర్‌ని తగ్గించడానికి చేసేది లేకపోవచ్చు. పిల్లాడికి చేసేది బోలెడుంది. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర, భయం, అమ్మానాన్నల బెంగ.. వీటన్నిటినీ చూసే వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. ఆఖరి వారంలో మొదలుపెట్టేది కాదది. పెద్ద జబ్బు అని తేలిన రోజు నుంచే కీమోతో పాటు నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. మీకు పద్నాలుగు నెలల కిందటే ఈ మాట చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు చేయాల్సింది: విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, టాటా మెమోరియల్ వాళ్ళది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అక్కడ పిల్లల పాలియేటివ్ కేర్‌కి ప్రత్యేకంగా మనుషులున్నారు. మీకు విశాఖే దగ్గర. ముందు ఫోన్ చేసి, పిల్లాణ్ణి కదల్చలేమని చెప్పి, ఫైలుతో ఒక్క పెద్దమనిషి వస్తే చాలా అని అడగండి. డిశ్చార్జి కాగితం, చివరి స్కాన్ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న బిళ్ళల అట్టలు, పిల్లాడి బరువు.. ఇవన్నీ దగ్గర పెట్టుకోండి. నొప్పి ఎక్కడ, ఏ వేళకి ఎక్కువ, ఎంతసేపుంటుంది అన్నది మూడు రోజులు ఒక నోటుబుక్కులో రాయండి. డాక్టర్‌కి అది ఎక్స్‌రేకంటే ఎక్కువ చెబుతుంది.

మందులకొట్టు
నాది మెడికల్ షాపేనండి. లంకపిల్ల గారికి జరిగినదానికి బాధగా ఉంది. దొంగల్ని చూసినట్టు చూడటం తప్పే. మార్ఫిన్ మా దగ్గర దొరక్కపోవడానికి మాత్రం కారణం ఉంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టంతో మార్ఫిన్ కొనాలన్నా అమ్మాలన్నా ఒక్కో రాష్ట్రంలో అరడజను లైసెన్సులు కావాల్సి వచ్చింది. ఒకటి తెచ్చుకునేలోపు ఇంకోటి గడువు దాటిపోయేది. కాగితంలో చిన్న తేడా వచ్చినా జైలు. దాంతో ఆసుపత్రులే తెప్పించడం మానేశాయి. 2014లో చట్టం మార్చి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకి ఒక్క అనుమతి చాలన్నారు. అందుకని గుర్తింపున్న ఆసుపత్రికి వెళ్తే అక్కడే ఇస్తారు. మా షాపుల్లో వెతకడం దండగ.

మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో ప్రభుత్వమే లైసెన్సిచ్చి మార్ఫిన్ తయారయ్యే నల్లమందు పండిస్తోంది, బయటి దేశాలకి కూడా పంపిస్తోంది. లంకలో పిల్లాడికి పది బిళ్ళలు అందవు. నాకది మింగుడుపడదు.

గోదారోడు
మార్ఫిన్ జోలికి వెళ్ళకండి. మా బాబాయికి ఇచ్చారు, రెండు రోజులకే పోయాడు. ఊపిరి ఆపేస్తుంది అది. పైగా అలవాటైతే మానలేరు. పిల్లాడికి మత్తుమందు ఇవ్వడమేంటి?

వార్డునర్సు
@గోదారోడు, మీ బాధ అర్థమైంది. మీ బాబాయి గారికి అది ఎప్పుడు మొదలుపెట్టారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆఖరి రెండు రోజుల దాకా ఆపి అప్పుడిస్తే, మందు వల్లే పోయారనిపిస్తుంది. జబ్బు అప్పటికే ముదిరిపోయి ఉంటుంది.

బరువు చూసి తక్కువతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి మెల్లగా పెంచితే నోటితో వేసే మార్ఫిన్ ఊపిరి ఆపదు. ఆయాసం కూడా తగ్గిస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు. కొంత మందు వల్ల, కొంత ఇన్నాళ్ళూ లేని నిద్ర వల్ల. తర్వాత తేరుకుంటారు. అలవాటంటారా, ఒంటికి అలవాటవుతుంది కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు, అంతే. నొప్పికి వాడిన పిల్లలు దానికోసం వెంపర్లాడటం నేను చూడలేదు.

పిల్లల నొప్పికి కోడీన్ లాంటి మధ్య రకం మందులు వద్దని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మొదటి మెట్టు పారాసిటమాల్, ఐబుప్రోఫెన్. దానికి తగ్గకపోతే రెండో మెట్టు నేరుగా మార్ఫిన్. లంకపిల్ల గారూ, కీమో అయిన పిల్లాడు కాబట్టి ఐబుప్రోఫెన్ మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వేయకండి, రక్తకణాలు తక్కువుంటే ప్రమాదం.

ఇంకో రెండు విషయాలు. నొప్పి వచ్చాక వేయడం కాదు, గడియారం చూసి వేయాలి. మామూలు మార్ఫిన్ నాలుగు గంటలే పనిచేస్తుంది. అర్ధరాత్రి డోసు గురించి డాక్టర్ ఏం చెబితే అది రాసుకోండి. రెండోది, మలబద్ధకం తప్పకుండా వస్తుంది. విరేచనం మందు మొదటి రోజు నుంచే కలిపి అడగండి. చాలామంది ఇదొక్కటి మర్చిపోయి, కడుపునొప్పికి భయపడి అసలు మందు ఆపేస్తారు.

గోదారోడు
అవునండి, ఆఖర్లోనే ఇచ్చారు. అంతకుముందు ఇరవై రోజులు అరిచాడాయన. ముందే ఇవ్వొచ్చని మాకెవరూ చెప్పలేదు.

వశిష్ట_గట్టు
పొద్దున్న రాస్తానన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

మా పాపకి ఏడేళ్ళు. రక్తక్యాన్సర్. ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు ఒక పెద్ద డాక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి "ఇక కీమో వల్ల బాధే తప్ప లాభం లేదమ్మా, ఇంటికెళ్ళి దానితో గడపండి" అని నెమ్మదిగానే చెప్పారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. చేతులెత్తేశాడని తిట్టాను. మా ఆయన, నేను ఎకరం పొలం అమ్మి ఇంకో ఊరు తీసుకెళ్ళాం. పసరు మందూ వేశాం, అదొకటి.

ఆఖరి తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంది. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు. నోట్లో గొట్టం కాబట్టి మాట లేదు. చేతులు మంచానికి కట్టారు, పీకేసుకుంటుందని. నేను వెళ్తే కళ్ళు తిప్పి తలుపు వైపు చూపించేది. తీసుకెళ్ళిపొమ్మని. తొమ్మిది రోజులూ అదే చూపు.

దానికి అంతర్వేదిలో సముద్రం చూడాలని ఉండేది. మాకు గంట దూరం. "తగ్గాక వెళ్దాం" అన్నాను, అన్నిసార్లూ.

లంకపిల్లా, మీ బావ పిల్లాడి మీద ప్రేమతోనే తోట అమ్ముతానంటున్నాడు. ఆయన్ని తప్పు పట్టొద్దు. కానీ ఆ పెద్దాసుపత్రి డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగమను. ఈ వైద్యంతో వాడికి జబ్బు నయమవుతుందా? కాకపోతే ఎన్నాళ్ళు కలిసొస్తాయి? ఆ రోజులు ఇంట్లోనా, ఆసుపత్రిలోనా? మేం ఒక్కటీ అడగలేదు.

కొబ్బరాకు
క్షమించండమ్మా వశిష్ట_గట్టు గారూ. తెలియక రాశాను. పసరు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రేవుమాస్టారు
స్కూలు టీచర్‌ని. ఇది క్యాన్సర్ పిల్లలకే అనుకోవద్దని చెప్పడానికి రాస్తున్నాను. మా బడిలో ఓ కుర్రాడికి పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బు. ఐదో క్లాసులో నడక పోయింది, తొమ్మిదికి చేతులు పోయాయి. వాడికి మార్ఫిన్ అక్కర్లేదు. కావాల్సింది గాలి పరుపు, రెండేసి గంటలకి ఒళ్ళు తిప్పే మనిషి, దగ్గు రాకపోతే కఫం తీయించడం నేర్చుకున్న అమ్మ. అదీ ఈ వైద్యం కిందికే వస్తుంది. సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఇలా మంచానికి పరిమితమైన కండరాల జబ్బు వాళ్ళకి నెలకి 15,000 పెన్షన్ ఉంది. వాళ్ళకి ఆ సంగతి తెలిసేసరికి చాలా నెలలు గడిచిపోయాయి.

వాడు ఒక్కటే అడిగాడు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, అదే దేవుళ్ళని ప్రభల మీద మోసుకొచ్చే జాతర, చూడాలని. జనం తొక్కేస్తారని ఇంట్లో వద్దన్నారు. క్లాసు పిల్లలు పదకొండుమంది వాడి కుర్చీ చుట్టూ కర్రలు పట్టుకుని దడి కట్టారు. కౌశిక ఏరు దాటుతున్న ప్రభని చూసి వాడు వేసిన కేక నాకింకా వినిపిస్తుంది. "మాస్టారూ, దేవుడు కూడా నాలాగే మోయించుకుంటున్నాడండీ" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. వాడే ముందు నవ్వాడు.

లంకపిల్ల
అందరివీ రెండేసిసార్లు చదివాను. బావకి వశిష్ట_గట్టు అక్క రాసింది చదివి వినిపించాను. లేచి తోటలోకి వెళ్ళిపోయాడు. గంట తర్వాత వచ్చి "విశాఖ ఫోన్ నంబరేది" అన్నాడు.

ఇంకో సంగతి. వాడు మళ్ళీ అదే అడిగితే ఏం చెప్పాలి?

అత్తిలి_ఆడపడుచు
ఏమీ చెప్పకండి. పసివాడి ముందు చావు మాట ఎత్తడానికి నోరెలా వస్తుంది? ధైర్యం చెప్పాలి గానీ. ఉన్న నాలుగు రోజులూ సంతోషంగా ఉండనివ్వండి.

వార్డునర్సు
అత్తిలి గారూ, మీరు ప్రేమతో అంటున్నారు. కానీ పదేళ్ళ పిల్లాడికి తెలియకుండా ఉండదండి. అమ్మ కళ్ళు చూస్తాడు, గుమ్మం బయట గుసగుసలు వింటాడు. మనం అబద్ధం చెబితే వాడూ మనకోసం అబద్ధం చెబుతాడు, నొప్పి లేదంటాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒంటరివాళ్ళవుతారు.

స్వీడన్‌లో క్యాన్సర్‌తో పిల్లల్ని పోగొట్టుకున్న 429 మంది తల్లిదండ్రుల్ని అడిగి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లలతో చావు గురించి మాట్లాడినవాళ్ళు 147 మంది, వాళ్ళలో ఒక్కరు కూడా ఎందుకు మాట్లాడామా అని బాధపడలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాట్లాడలేకపోయామే అని తర్వాత బాధపడ్డారు.

లంకపిల్ల గారూ, మీరు ఎత్తక్కర్లేదు. వాడు అడిగితే "నీకేమనిపిస్తోంది నాన్నా?" అని తిరిగి అడగండి. వాడికెంత తెలుసో, ఏం భయమో బయటికొస్తుంది. చాలామంది పిల్లలు చావుకంటే నొప్పికి, ఒక్కళ్ళే మిగిలిపోతామేమోనన్నదానికి ఎక్కువ భయపడతారు. "జబ్బు తగ్గించలేకపోతున్నారు. నొప్పి మాత్రం తగ్గిస్తాం. నిన్నొదిలి ఎక్కడికీ వెళ్ళం" అన్నవి నిజమైన మాటలు. అంతవరకు చెప్పండి. ఏడుపొస్తే వాడి ముందే ఏడవండి, ఏం కాదు.

అత్తిలి_ఆడపడుచు
నాకింకా ఒప్పుదల కావట్లేదు. కానీ ఒంటరివాళ్ళవుతారన్న మాట దగ్గర ఆగిపోయాను. మా అమ్మ విషయంలో అదే జరిగింది.

భీమవరం_తమ్ముడు
ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా? ఉంటే వాళ్ళ సంగతి చూడండి. మా అన్నయ్య పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నన్ను అత్తయ్య గారింటికి పంపించేశారు. తిరిగొచ్చేసరికి మంచం లేదు, అన్నయ్య లేడు. "ఊరెళ్ళాడు" అన్నారు. ఆకివీడు బస్టాండ్ మా ఇంటికి దగ్గర. బడి వదిలాక రోజూ అక్కడ నిలబడి, దిగేవాళ్ళని చూసేవాణ్ణి. ఎన్నాళ్ళో గుర్తులేదు. దానికి ముందు వాడి బంతి దాచేశాను, అందుకే కోపమొచ్చి వెళ్ళిపోయాడనుకున్నాను. ఈ మాట మా అమ్మకి మొన్న మొన్న చెప్పాను, నాకు ముప్పై దాటాక.

లంకపిల్ల
ఉంది. చెల్లెలు, ఐదేళ్ళు. రేపు దాన్ని మా ఇంటికి పంపించేద్దామనుకుంటున్నారు. మీరు రాసింది చూశాక వద్దన్నాను.

వార్డునర్సు
మంచి పని చేశారు. అన్నయ్యకి మంచినీళ్ళిచ్చే పనో, బొమ్మలు చూపించే పనో దానికి అప్పజెప్పండి. "నీవల్ల రాలేదు ఈ జబ్బు, అంటుకోదు కూడా" అని నోరు తెరిచి చెప్పండి. తర్వాత రోజుల్లో మాత్రం "నిద్రపోయాడు" అని చెప్పొద్దు, పిల్లలు నిద్రకి భయపడిపోతారు.

పడవసరంగు
పక్క లంకవాణ్ణే. వరద సంగతి నేను చెబుతాను. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పడితే మనకి కాజ్‌వే మీద నీళ్ళొచ్చేదాకా ఎక్కువ టైముండదు. మందులు రెండు వారాలకి సరిపడా ఇంట్లో పెట్టుకోండి. డాక్టర్ రాసిన ఉత్తరం ఒకటి ప్లాస్టిక్ కవర్లో ఉంచండి, పునరావాస కేంద్రానికి వెళ్ళాల్సొస్తే అక్కడి నర్సమ్మకి చూపించాలి. సచివాలయం ఏఎన్ఎమ్‌కి ఇప్పుడే చెప్పి ఉంచండి, మంచం మీద పిల్లాడున్నాడని. ముందు పడవ మీకే వస్తుంది. కరెంటు పోతే ఎలాగ?

వార్డునర్సు
కరెంటు మాట బాగా గుర్తు చేశారు. ఆయాసానికి ఫ్యాన్ గాలి మొహం మీద తగలడం చాలా సాయం చేస్తుంది. ఛార్జింగ్ ఫ్యాన్ ఒకటి కొనండి, అదీ లేకపోతే విసనకర్ర. తలవైపు దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టండి.

తిండి సంగతి కూడా చెప్పేస్తాను. అమ్మమ్మలు, నానమ్మలు ముద్ద ముద్దకీ బతిమాలుతారు, తినకపోతే పోతాడని. ఆ దశలో ఒంటికి ఆకలి ఉండదు. బలవంతంగా పెడితే వాంతులే. అడిగింది రెండు చెంచాలు చాలు. నోరెండితే తడి గుడ్డతో పెదాలు తుడవండి.

కొబ్బరాకు
ఏం అడుగుతున్నాడు తినడానికి?

లంకపిల్ల
పులస. నెల నుంచీ అదే. నానమ్మ ధర విని గుండెలు బాదుకుంటోంది.

కొబ్బరాకు
పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. పుస్తెలు ఉంచండి. ఎదురు నీళ్ళు తగలగానే మొదటి చేప నా బాధ్యత. ముల్లు తీసే పని నానమ్మది.

లంకపిల్ల
ఆరు రోజులైంది రాసి.

బావ రాజమండ్రిలో రైలెక్కి దువ్వాడలో దిగి వెళ్ళొచ్చాడు. ఫైలంతా చూశారట. నోటుబుక్కు చూసి "ఎవరు రాశారిది" అని అడిగారట. గంటసేపు మాట్లాడారు. బావ ఆ మూడు ప్రశ్నలూ అడిగాడు. నయం కాదని సూటిగా చెప్పారు. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి చెప్పారు. మార్ఫిన్ బిళ్ళలు, విరేచనం మందు, రాత్రి కూడా చేయగలిగే నంబరు ఒకటి ఇచ్చారు. తోట మాట బావ మళ్ళీ ఎత్తలేదు.

మొదటి రాత్రి వాడు ఏడు గంటలు నిద్రపోయాడు. మధ్యలో లేపి బిళ్ళ వేస్తే వేసుకుని మళ్ళీ పడుకున్నాడు. అక్క మాత్రం నిద్రపోలేదు, ఊపిరి చూస్తూ కూర్చుంది. రెండో రోజు మగతగా ఉన్నాడు. నిన్న లేచి గట్టు మీదకి తీసుకెళ్ళమన్నాడు. ఎర్రనీళ్ళు వచ్చాయి కదా, చూస్తానన్నాడు. బావ ఎత్తుకెళ్ళాడు, చెల్లెలు గొడుగు పట్టింది.

అక్కడ అడిగాడు బావని. "నాన్నా, నేను వచ్చే వరద చూస్తానా?" అని. బావ చాలాసేపు ఆగి "తెలీదురా. ఇది మాత్రం ఎంతసేపు కావాలంటే అంతసేపు చూద్దాం" అన్నాడట. చీకటి పడేదాకా ఉన్నారు.

నర్సు గారూ, మూడు రోజులైంది విరేచనం అవ్వలేదు. మందు వేస్తూనే ఉన్నాం. మార్ఫిన్ ఆపమంటోంది నానమ్మ.

వార్డునర్సు
ఆపకండి. ఇప్పుడే ఆ నంబరుకి ఫోన్ చేసి విరేచనం మందు పెంచాలా, కింద నుంచి పెట్టే మందు ఏదైనా ఇవ్వాలా అని అడగండి. కడుపు ఉబ్బిందా, వాంతులున్నాయా అన్నవి కూడా చెప్పండి, వాళ్ళు అదే అడుగుతారు. ఇంకోటి, బిళ్ళలు పొడి చేసి ఇవ్వొచ్చో లేదో అడగండి. నెమ్మదిగా పనిచేసే రకమైతే పొడి చేయకూడదు. ఫోన్ అయ్యాక ఇక్కడ రాయండి, నేను మేలుకునే ఉంటాను.

వశిష్ట_గట్టు
గట్టు మీదకి తీసుకెళ్ళారు. ఎంత మంచి పని చేశారు తల్లీ.

లంకపిల్ల
చేశాను. ఎత్తారు. మలద్వారంలో పెట్టే బిళ్ళ చెప్పారు, పేరు రాసుకున్నాను. వాంతుల్లేవు, కడుపు మెత్తగానే ఉంది.

మందులకొట్టు
పేరు నాకు మెసేజ్‌లో పంపండి. అది మా దగ్గరుంటుంది, ఉదయం ఆరింటికి షాపు తీస్తాను.

పడవసరంగు
కాజ్‌వే మీదకి మోకాలి లోతు వచ్చేసింది. మందులకొట్టు గారూ, పొట్లం మా వైపు రేవుకి పంపండి, నేను తీసుకెళ్ళిస్తాను. లంకపిల్ల గారూ, మా ఇంట్లో చిన్న ఇన్వర్టర్ ఖాళీగా ఉంది, ఫ్యాన్‌కి సరిపోతుంది. దాన్నీ పడవలో పెట్టేస్తున్నాను. మీ లంకలో ఏ రేవులో దింపమంటారు?